ఉకాయ్ వారి చూరు కింద

మంచు కాలంలో పొద్దుగూకాక ఉకాయ్ వారి ఇంటి ముందునుంచి వెళ్ళాల్సి వస్తే రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, చూరు కిందికి పోకూడదు. రోడ్డుకి అవతలి అంచున, కాలవ పక్కనుంచే నడవాలి. రెండోది... పైనుంచి ఎవరైనా ఏమైనా అడిగితే జవాబు చెప్పకూడదు.

ఆ ఇంటికప్పు మాట్లాడుతుంది మరి.

నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. పగలు చూస్తే అది అందరి ఇళ్ళలాంటి ఇల్లే. రెండంతస్తులు, ముదురు నీలం రేకు కప్పు, మూసేసిన చెక్క తలుపులు. ఉకాయ్ దంపతులు సామాను సర్దుకుని రైలు స్టేషను దగ్గర అద్దె వాటాలోకి పోయి మూడు చలికాలాలైంది. ఎందుకు పోతున్నారని అడిగితే రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదన్నారు. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు.

వాళ్ళు అనకపోతేనేం, ఊరు అంది. మంచు బాగా పేరుకున్న రాత్రి, గాలి పడిపోయి, మంచు తోసే బండి కూడా వెళ్ళిపోయాక... పైనుంచి ఒక మగ గొంతు అడుగుతుందట —

“కింద ఎవరైనా ఉన్నారా?”

కోపంగా కాదు. ఏడుస్తూ కాదు. పనిలో ఉన్న మనిషి అడిగినట్టు అడుగుతుంది. అడిగి ఆగుతుంది. జవాబు కోసం చూస్తున్నట్టు చాలాసేపు ఆగుతుంది. మళ్ళీ అడుగుతుంది.

ఒకసారి సారాకొట్టు నుంచి వస్తున్న పెద్దమనిషి ఒకడు, “ఆఁ, ఉన్నాను, ఏం కావాలి?” అన్నాడట. మర్నాటినుంచి జ్వరంతో మంచం పట్టాడు. అంత తాగి మంచులో కూలబడితే జ్వరం రావడానికి దెయ్యం సాయం అక్కర్లేదు. అయినా ఆనాటినుంచి ఊరంతా నోరు కట్టేసుకుంది. గొంతు వినపడగానే తల వంచుకుని, అడుగులు పెంచి, కాలవ పక్కనుంచి దాటిపోవడమే.

అది ఎవరి గొంతో మాత్రం ఎవరూ అడగరు. అందరికీ తెలుసు.

అది సెకిమె కంపెనీ పెద్దమేస్త్రీ ఎయికిచి గొంతు.

కంపెనీ అంటే పెద్ద పేరే కానీ, అందులో ఉన్నది నలుగురే. యజమాని ర్యోసాకు. ఆయన భార్య కినుయె. చనిపోయిన ఎయికిచికి తమ్ముడు, ఇప్పటి మేస్త్రీ ఇవావో. ఇంకొకాయన నడుం పట్టేసి సగం రోజులు ఇంట్లోనే పడుకుంటాడు. కినుయె ఫోన్లు ఎత్తుతుంది, లెక్కలు రాస్తుంది, మధ్యాహ్నానికి అన్నం ఉండలు చుడుతుంది, ట్రక్కు నడుపుతుంది, అవసరమైతే దూలానికి రెండో చివర పట్టుకుంటుంది. అరవై దగ్గర పడుతున్న మనిషి. కూర్చుంటే లేవబుద్ధి కాదు, లేస్తే కూర్చునే తీరిక దొరకదు.

ఆవిడ మామగారు బతికుండి కంపెనీ నడిపిన రోజుల్లో ఒక మాట ఇచ్చాడు. ఇల్లు కట్టి, దూలం నిలబెట్టిన రోజున, గిన్నెడు సారా చేతిలో పట్టుకుని ఇంటివాళ్ళందరి ముందూ అనేవాడు — మేం కట్టిన కప్పు మీద మంచు మేమే తీస్తాం, మీకు చేతకాని రోజు వస్తే ఒక్క కేక వెయ్యండి అని. కాగితం లేదు, సంతకం లేదు. అప్పట్లో పదిహేనుమంది కుర్రాళ్ళు ఉండేవాళ్ళు. మంచు తియ్యడమంటే సగం పండగ. ఇంటింటా వేడి వేడి పులుసు పోసి పంపేవాళ్ళు.

ఇప్పుడు ఆ ఇళ్ళవాళ్ళందరూ ముసలివాళ్ళయ్యారు. కట్టినవాళ్ళూ ముసలివాళ్ళయ్యారు. వయసు మీద పడనిది మంచు ఒక్కదానికే.

మంచు తియ్యడంలో ఒక పద్ధతి ఉంది. పైన ఒక మనిషి, కింద ఒక మనిషి. పైవాడికి చూరు కింద ఏముందో కనపడదు. అందుకని ప్రతి పార మంచూ తోసేముందు అడగాలి — కింద ఎవరైనా ఉన్నారా అని. కిందివాడు చుట్టూ చూడాలి. పిల్లలు, కుక్కలు, పోస్టుమాన్, ఇంటావిడ. ఎవరూ లేకపోతే ‘ఎవరూ లేరు, వెయ్యి’ అనాలి. ఎవరైనా ఉంటే ‘ఉన్నారు, ఆగు’ అనాలి. ఆ మాట వినపడేదాకా పైవాడు పార ఎత్తడు. పైవాడి ప్రాణం, దారినపోయేవాడి ప్రాణం అన్నీ ఆ కింది మనిషి నోట్లోనే ఉంటాయి.

మూడు చలికాలాల కిందట ఉకాయ్ వారింట ఎయికిచి పైన, ర్యోసాకు కింద. పని సగంలో ఉండగా ఫోను వచ్చింది. పళ్ళడాక్టరుగారి ఆసుపత్రి తలుపు మంచుకి తెరుచుకోవడం లేదు, లోపల రోగులున్నారు అని. ర్యోసాకు పైకి కేకేశాడు. దిగి ఓ సిగరెట్టు కాల్చుకో, నేనొచ్చేదాకా పార ముట్టుకోకు అన్నాడు. ఎయికిచి సరేనన్నాడు. దిగలేదు. చీకటి పడుతోంది, ఇంకా కాస్తే మిగిలింది అనుకున్నాడేమో.

అలవాటు కొద్దీ అడిగే ఉంటాడు. జవాబు రాలేదు. కింద ఎవరైనా ఉన్నారేమో చూద్దామని అంచు దాకా వచ్చాడు. చూరు దాటి వేలాడుతున్న మంచు విరిగి, మనిషితో సహా పడిపోయింది.

ర్యోసాకు తిరిగి వచ్చేసరికి నిచ్చెన గోడకి ఆనించినట్టే ఉంది. పైన ఎవరూ లేరు.

తప్పు ఎవరిదీ కాదని అందరూ అన్నారు. ఇవావో కూడా అన్నాడు. ర్యోసాకు దాని గురించి ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. అన్నగారు పోయాక ఇవావో ఆ ఇంటి వాకిట్లో కాలు పెట్టలేదు, ర్యోసాకు మాత్రం అంతకు ముందుకన్నా ఎక్కువగా కప్పులు ఎక్కడం మొదలుపెట్టాడు.

కినుయెకి దెయ్యమంటే భయం లేదు. భయపడే ఓపిక లేదు. ఆవిడ భయమంతా మొగుడి గురించే. ఈ ఏడు పొద్దున లేచేసరికి నిన్న తీసిన కప్పుమీద మళ్ళీ మూరెడు మంచు ఉండేది. ర్యోసాకు అన్నం తింటూ తింటూ గిన్నె చేతిలో పట్టుకుని కునుకు తీసేవాడు. ఒకసారి ట్రక్కు నడుపుతూ నిద్రపోయి కాలవలోకి దింపాడు. మోకాలు వాచి బూటు ఎక్కడం లేదు. ఈ మనిషిని ఈ చలికాలం దాటించగలనా అన్న ఒక్క ఆలోచనే ఆవిడ బుర్రలో తిరుగుతూ ఉండేది.

పైగా కొన్నాళ్ళుగా ఆయన సాయంత్రాలు ఆలస్యంగా వస్తున్నాడు. పని అయిపోయి ఇవావో ఇంటికి పోయాక కూడా ఈయన జాడ ఉండదు. ఎక్కడికి వెళ్ళావంటే పనిముట్లు సర్దుతున్నానంటాడు. చేపల దుకాణం ఆవిడ ఊరుకుంటుందా, మీ ఆయనకి ఈ వయసులో ఎవరో దొరికినట్టుందే అంది. దొరికితే మంచిదే, ఆవిణ్ణీ ఓ నాలుగు కప్పులు ఎక్కి మంచు తియ్యమను అంది కినుయె, సార్డీన్లు తూకం వేయించుకుంటూ.

ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆవిడ మనసులో మాట బయటపెట్టింది. ఇళ్ళు కడదాం, మరమ్మతులు చేద్దాం, తలుపులు బిగిద్దాం. కప్పులు మాత్రం ఈ ఏటితో ఆఖరు. ఊరివాళ్ళంతా కలిసి ఏదో దారి చూసుకుంటారు, పురపాలక సంఘం వాళ్ళున్నారు.

ర్యోసాకు తల ఎత్తకుండా బూటు లాక్కున్నాడు.

“ఎవరితో చెబుతావు? ఎగువ వాడలో షిగెనో మామ్మతో చెప్పగలవా?”

“చెబుతాను.”

“చెప్పి రా, చూద్దాం.”

అంతే అన్నాడు. వెళ్ళిపోయాడు. ఎన్నడూ లేనిది ఆ మాటలో వెటకారం కూడా లేదు. నువ్వే చెప్పి నన్ను విడిపించు అన్నట్టు వినపడింది కినుయెకి. పొద్దంతా ఆ గొంతే చెవిలో ఆడింది.

సాయంత్రం దీపాలు పెట్టాక ముల్లంగి ఊరగాయ డబ్బాలో పెట్టుకుని, గొడుగు పట్టుకుని ఎగువ వాడకి బయల్దేరింది. షిగెనో మామ్మ ఇల్లు ఉకాయ్ వారింటికి ఇంకా పైన, మలుపు తిరిగాక ఉంటుంది. మామగారు కట్టిన ఇల్లు. కినుయె కొత్త కోడలుగా వచ్చిన ఏడు ఆ ఇంటికి దూలం ఎత్తారు. అప్పుడు ఆచారం ప్రకారం కప్పుమీదనుంచి కింద మూగిన జనం మీదికి బియ్యప్పిండి ముద్దలు విసిరింది తనే.

మామ్మకి ఎనభై ఎనిమిదేళ్ళు. కింద సెగ పెట్టిన బల్ల ముందు కూర్చోబెట్టి, దుప్పటి మోకాళ్ళమీదికి లాగి, టీ పోసింది. కినుయె డబ్బా బల్లమీద పెట్టింది. వాతావరణం గురించి మాట్లాడింది. ఎవరి మనవరాలి పెళ్ళి గురించో మాట్లాడింది. టీ చల్లారిపోయింది. చివరికి తల ఎత్తకుండానే చెప్పేసింది. వచ్చే ఏడు మేం రాలేం మామ్మా అని.

మామ్మ ఊరగాయ ముక్క నములుతూ తల ఊపింది.

“ఇన్నాళ్ళూ ఎక్కారు. అదే గొప్ప.” ఇంకో ముక్క అందుకుంది. “మీ ఆయన నా కప్పు ఎక్కితే, దిగేదాకా నేను ఇక్కడ జపమాల పట్టుకుని కూర్చుంటాను, తెలుసా? నాకూ విశ్రాంతే అమ్మాయ్.”

కినుయెకి ఏడుపొచ్చింది. తిట్టి ఉంటే బావుండేది అనిపించింది. గుడ్ల నీళ్ళు కుక్కుకుని లేవబోయింది.

“కాలవ పక్కనుంచే పో,” అంది మామ్మ. గొంతు తగ్గించింది. “ఈమధ్య ఎయికిచికి తోడు దొరికింది.”

“తోడా?”

“ఇదివరకు ఒక్క గొంతే. ఇప్పుడు రెండు. ఒకరు అడుగుతారు... ఇంకొకరు జవాబు చెబుతారు. ఎవరూ లేరు, వెయ్యి అని. తరవాత ధబ్బున మంచు పడుతుంది. రోజూ ఈ వేళకే.”

“ఆ రెండో గొంతు ఎవరిది మామ్మా?”

మామ్మ ఊరగాయ డబ్బా మూత బిగించింది.

“నాకు చెవుడమ్మా,” అంది. “నాకేం తెలుస్తుంది.”

బయట గాలి పడిపోయింది. మంచు నిలువుగా, చప్పుడు లేకుండా కురుస్తోంది. మంచు తోసే బండి వెళ్ళిన జాడలు కూడా పూడిపోయాయి. కినుయె మలుపు తిరిగింది. ఒక్క వీధిదీపం. దాని పక్కన, నల్లగా, ఉకాయ్ వారిల్లు.

కప్పు మీద మంచు మనిషెత్తు ఉంది. చూరు దాటి, కిందికి వంగి, రోడ్డువైపు వేలాడుతోంది. ఒకచోట మాత్రం విరిగి పెద్ద ఖాళీ కనపడింది. ఆ ఖాళీ కింద కొత్తగా పడిన మంచు కుప్ప.

కినుయె రోడ్డు దాటి కాలవ పక్కకి వెళ్ళింది. తల వంచుకుంది. గొడుగు కిందికి దించుకుంది. నాలుగడుగులు వేసింది...

“కింద ఎవరైనా ఉన్నారా?”

కాళ్ళు ఆగిపోయాయి.

ఆ గొంతు ఆవిడకి బాగా తెలుసు. ఎన్నో ఏళ్ళు రోజూ పొద్దున్నే షెడ్డులోకి వచ్చి టీ అడిగిన గొంతు. కొంచెం బొంగురు. సిగరెట్ల గొంతు.

నడువు, అనుకుంది. నడిచిపో. జవాబు చెప్పకు. ఊళ్ళో ప్రతి ఒక్కరూ చేసినట్టే చెయ్యి.

పైన నిశ్శబ్దం. ఎదురుచూస్తున్న నిశ్శబ్దం.

ఇప్పుడు రెండో గొంతు వస్తుంది అనుకుంది. చెవులు రిక్కించింది. మంచు గొడుగుమీద రాలుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

“కింద... ఎవరైనా ఉన్నారా?”

రెండో గొంతు రాలేదు.

అప్పుడు చూసింది. ఉకాయ్ వారి కట్టెల కొట్టం వెనక, రోడ్డుమీదికి కనపడకుండా, ఒక ట్రక్కు ముక్కు. తెల్ల ట్రక్కు. ముందు దీపం మీద కాలవలో దింపినప్పుడు పడిన సొట్ట. అద్దం మీద మంచు ఇంకా పల్చగానే ఉంది.

సాయంత్రాల ఆలస్యం, రోజూ తడిసి వచ్చే చేతి తొడుగులు, పనిముట్లు సర్దుతున్నానన్న అబద్ధం అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. ఆనాడు చెప్పలేకపోయిన జవాబు చెప్పడానికి వస్తున్నాడు ఆయన. కింద తన చోట నిలబడడానికి వస్తున్నాడు.

మరి ఈరోజు ఎందుకు చెప్పడం లేదు?

“ఏమయ్యా...” అంది. “ఏమయ్యా, ఎక్కడున్నావు?”

చూరు కింద మంచు కుప్ప వైపు చూసింది. కుప్ప లోపల, అడుగున ఎక్కడో... పసుప్పచ్చగా ఒక వెలుగు. ఆయన నుదుటికి కట్టుకునే దీపం.

గొడుగు ఎక్కడ పడేసిందో ఆవిడకి తెలీదు. రోడ్డు దాటింది. చూరు కిందికి, ఊళ్ళో ఎవరూ అడుగుపెట్టని చోటికి వెళ్ళి మోకాళ్ళమీద పడింది. చేతులతో తవ్వడం మొదలుపెట్టింది. పడిన మంచు కాసేపటికే సిమెంటులా బిగిసిపోతుంది. గోళ్ళు దిగడం లేదు.

సరిగ్గా ఆవిడ తలమీద, పైన, రేకు కిర్రుమంది. మిగిలిన మంచు జరుగుతోంది. పారతో మంచు కోసిన చప్పుడు. దగ్గరగా. చూరు అంచు దాకా వచ్చిన చప్పుడు.

“కింద ఎవరైనా ఉన్నారా?”

ఊరంతా కట్టేసుకున్న నోరు ఆవిడ తెరిచింది.

“ఉన్నారు. ఆగు.” గొంతు చిరిగిపోయేలా అరిచింది. “ఎయికిచీ, ఆగు. కింద మనుషులున్నారు. వెయ్యకు.”

పార చప్పుడు ఆగిపోయింది.

తరవాత, నెమ్మదిగా, రేకుమీద పార ఆనించి పెట్టిన చప్పుడు... పైవాడు దాని మీద గడ్డం పెట్టుకుని నిలబడ్డప్పుడు వచ్చే చప్పుడు. కినుయె అది కూడా ఎన్నోసార్లు విన్నది.

ఇవావోకి ఫోను చేసింది. ఎక్కడున్నావక్కా అన్నాడు అతను. వయసులో పెద్దవాడే అయినా, యజమాని భార్యని మేస్త్రీలు అక్కా అనే పిలుస్తారు. ఉకాయ్ వారి చూరు కింద అంది. ఇంకేమీ అడగలేదు. రెండు మలుపులు కిందనుంచి పార భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. కాలవ దగ్గర ఒక్క క్షణం ఆగాడు. కప్పు వైపు చూశాడు. దాటి వచ్చాడు.

ఆవిడ కేక విని షిగెనో మామ్మ కూడా వచ్చింది, మంచు పారనే ఊతకర్రగా పట్టుకుని. ఆవిడ చెవుడు మాట అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

ముగ్గురూ తవ్వారు. తవ్వినంతసేపూ పైనుంచి మాట లేదు. సగం చూరు దాటి వంగిన మంచు, ఈ పాటికి ఎప్పుడో పడిపోవాల్సిన మంచు, వాళ్ళ తలలమీద అలాగే నిలబడి ఉంది. రేకు చల్లబడి పట్టేసిందని మర్నాడు పెద్దమనుషులు చెప్పారు. అలాగే అనుకోండి.

ముందు చెయ్యి తగిలింది. తరవాత భుజం. గోడకి ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు ర్యోసాకు. మొహం ముందు గుప్పెడంత జాగా మిగిలింది, అందులోనే ఊపిరి తీశాడు. పెదాలు నల్లబడ్డాయి. ఇవావో చంకల కింద చేతులేసి లాగాడు. రోడ్డు అవతలికి, కాలవ పక్కకి ఈడ్చుకొచ్చి, తన కోటు విప్పి కప్పాడు. కినుయె ఆయన చేతులు తన చొక్కా లోపల పెట్టుకుని కూర్చుంది. మామ్మ చెంపలు రుద్దుతోంది. అంబులెన్సు బయల్దేరిందట, దారిలో మంచు తోస్తూ రావాలట.

ర్యోసాకు కళ్ళు తెరిచాడు. భార్యని గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

“అడిగాడు,” అన్నాడు. మాట ముద్దగా వస్తోంది. “రోజూ చెబుతున్నా కదా... ఇవాళ కాళ్ళు నిలబడలేదు. గోడకి ఆనుకుని కూర్చున్నా. అడిగాడు. నేను చుట్టూ చూశాను. ఎవరూ లేరు, వెయ్యి అన్నాను.”

“నువ్వున్నావు కదయ్యా.”

ర్యోసాకు ఆవిడ వైపు చూశాడు. నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చూశాడు.

“నేనా,” అన్నాడు. “నేను... లెక్కలోకి రాలేదు.”

ఎన్నేళ్ళుగా ఈ మనిషి తనని తాను లెక్కపెట్టుకోవడం మానేశాడో అనుకుంది కినుయె. కంపెనీ కట్టిన నలభై ఇళ్ళని లెక్కపెట్టాడు, వాటిలో ముసలివాళ్ళని లెక్కపెట్టాడు, కుక్కల్ని, పోస్టుమాన్‌ని లెక్కపెట్టాడు. తను మాత్రం ఏం చేసింది? అన్నం పెట్టింది, తడిసిన బట్టలు ఆరేసింది, కోప్పడింది. ఆయన చేతులు ఇంకా గట్టిగా పట్టుకుంది.

“మామ్మకి చెప్పేశాను,” అంది. “రామని చెప్పేశాను.”

“సరే,” అన్నాడు ర్యోసాకు. కళ్ళు మూసుకున్నాడు. చెంపలమీద నీళ్ళు కారుతున్నాయి. “ఇక ఎక్కను కినుయె. ఓపిక లేదు.”

అప్పుడు... కప్పు మీదనుంచి, ఈసారి మెల్లగా, అలిసిపోయినట్టు —

“కింద ఎవరైనా ఉన్నారా?”

నలుగురూ విన్నారు. తరవాత ఎవరూ కాదనలేదు. ఇవావో కప్పు వైపు తిరిగాడు. మూడేళ్ళలో మొదటిసారి వింటున్నాడు అన్నగారి గొంతు.

ర్యోసాకు పెదాలు కదిలాయి. కినుయె ఆయన నోటిమీద చెయ్యి పెట్టింది. ఇంకెప్పుడూ నువ్వు చెప్పొద్దు అంది.

లేచి నిలబడింది. పద్ధతి ప్రకారం చుట్టూ చూసింది. చూరు కింద చూసింది, గోడ వెంట చూసింది, కొట్టం పక్కన చూసింది. తరవాత రోడ్డు ఇవతల ఉన్నవాళ్ళని వేలుపెట్టి ఒక్కొక్కరినే లెక్కపెట్టింది. మామ్మ. ఇవావో. మా ఆయన. చివరికి తన గుండెమీద వేలు పెట్టుకుంది. నేను.

“ఎవరూ లేరు ఎయికిచీ,” అంది పైకి చూసి. “అందరం ఇవతలే ఉన్నాం. వేసెయ్యి. వేసేసి, దిగి రా నాయనా.”

ఒక్క క్షణం.

తరవాత కప్పు కప్పంతా కదిలింది. ఈ చివరనుంచి ఆ చివరదాకా ఉన్న మంచు ఒక్క ముక్కగా జారి పడింది. కాళ్ళ కింద రోడ్డు అదిరింది. వీధిదీపం చుట్టూ తెల్లటి పొగ లేచి, ఇల్లు కనపడకుండా పోయింది. పొగ తగ్గేసరికి ముదురు నీలం రేకు శుభ్రంగా, తళతళా మెరుస్తోంది.

పోయిందనుకున్నారు. మామ్మ జపమాల తీసింది.

అప్పుడు చప్పుడు. ఠక్. కాసేపాగి, ఠక్. చెక్క మెట్టు మీద బూటు మడమ ఆనిన చప్పుడు. పైనుంచి కిందికి... ఒక్కో మెట్టూ, తొందరలేకుండా.

గోడకి నిచ్చెన లేదు. ఆ ఇంట్లో నిచ్చెనే లేదు.

కానీ ఇవావో అప్పటికే రోడ్డు దాటాడు. మోకాళ్ళలోతు మంచులో దిగి, చూరు కిందికి వెళ్ళి నిలబడ్డాడు. కాళ్ళు ఎడంగా పెట్టాడు. దిగేవాడి కోసం కింది మనిషి నిచ్చెన పట్టుకున్నట్టు, ఖాళీ గాలిలో రెండు చేతులూ చాపి, గట్టిగా పట్టుకున్నాడు.

“మెల్లగా దిగన్నా,” అన్నాడు. “పట్టుకున్నాను.”

చివరి మెట్టు చప్పుడు ఆగేదాకా చేతులు దించలేదు.